ఆయుధ ధారణము: హక్కా? అనుగ్రహమా?

విజయదశమినాడు ఆయుధపూజ చేయుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. రైతు నాగలికిని, వడ్రంగి బాడిసెకును, కమ్మరి సుత్తెకును పసుపు కుంకుమలుంచి మ్రొక్కుదురు. ఏ కొద్దిమంది యిండ్లలోనో తాతలనాటి జంటగొట్టముల తుపాకియు ఆనాడు పెట్టెనుండి వెలుపలికి వచ్చి, నూనెగుడ్డతో తుడువబడి, పీటమీద చోటు సంపాదించుకొనును. పూజ ముగిసి, జమ్మియాకు పెద్దల చేతులలో నుంచి వచ్చినవారు అరుగుమీద కూర్చుండగానే సంభాషణము ఆ తుపాకిమీదికి మరలును. ఇది యింట నున్నదని తెలిసిన దొంగ మన వీధి త్రొక్కడని యొకరందురు. లైసెన్సు తిరుగ వ్రాయించుకొనుటకై కచేరీల చుట్టు తిరుగుటకంటె దీనిని ఠాణాలో నప్పగించి చేతులు కడిగికొనుట మేలని మరియొకరు విసుగుకొందురు. అమెరికాలో కావలసినవారెల్ల కొనుక్కొందురట, మనకేల ఆ స్వాతంత్ర్యము లేదని పట్టణమునుండి వచ్చిన మేనల్లు డడుగును. పసిపిల్లలు తిరుగు నింట ఆ పాడువస్తువేల నాయనా యని లోపలినుండి ముత్తవ్వ యనును.

ఈ నాలుగు మాటలలోను కొంత కొంత సత్యము కలదు. కాని యే యొక్కదానిలోను పూర్ణసత్యము లేదు. ఆయుధము ధరించుట పౌరుని హక్కా, లేక ప్రభుత్వము దయతలచి యిచ్చు అనుగ్రహమా యను ప్రశ్న మనదేశమున నూటయేబది సంవత్సరములనుండి నలుగుచున్నది. దీనిని ఆవేశముతో గాక చరిత్రమును, చట్టమును, అనుభవమును ముందుంచుకొని విచారించుట యుక్తము.

1857వ సంవత్సరపు తిరుగుబాటు అణగిన పిమ్మట ఆంగ్లప్రభుత్వము ప్రజల చేతులలోని ఆయుధములను చూచి భయపడ నారంభించెను. 1860లో నిరాయుధీకరణమున కధికారమిచ్చు చట్టమొకటి పుట్టెను. 1878లో లిట్టన్ ప్రభువు రాజప్రతినిధిగా నున్న కాలమున దేశమంతటికిని వర్తించు ఆయుధ చట్టము వచ్చెను. అది యెట్టి కాలమో పాఠకులు జ్ఞప్తికి దెచ్చుకొందురు గాక. ధాత కరువున దత్తమండలములు అల్లాడి యింకను తేరుకొనలేదు. ఆ సంవత్సరముననే దేశభాషాపత్రికల నోరునొక్కు చట్టమును వచ్చెను. ఒక చట్టము నాలుకను, రెండవది చేతిని కట్టివేసినవి. పత్రికల చట్టము రిప్పన్ ప్రభువు కాలమున రద్దయ్యెను. ఆయుధ చట్టము మాత్రము స్వరాజ్యము వచ్చిన తరువాతను పదునైదేండ్లు బ్రదికి యుండెను.

ఆ చట్టము నందలి విషము నిర్బంధమున లేదు, భేదమున నున్నది. ఐరోపావారికిని, యూరేషియనులకును, బిరుదులు గల కొందఱు స్వదేశీయులకును లైసెన్సు అక్కరలేదు. తక్కిన కోట్లకొలది ప్రజకు మాత్రము అనుమతి కావలెను. తోటలో కోతుల నదలించుటకు దొర కొడుకు తుపాకి పట్టవచ్చును. పులి తిరుగు గ్రామమున పెద్దకాపు పట్టవలెనన్న జిల్లా అధికారికి అర్జీ పెట్టుకొనవలెను. ప్రజలను నమ్మని ప్రభుత్వమే ప్రజలను నిరాయుధులను జేయునను భావము ఆనాడే జనహృదయమున నాటుకొనెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము జాతిభేదము కాగితముమీద తొలగింపబడినను ఆ గాయము మానలేదు.

ఈ కారణముచేతనే కాంగ్రెసు మహాసభ తన శైశవమునందే ఈ విషయమును చేపట్టెను. 1887లో చెన్నపట్టణమున బద్రుద్దీన్ త్యాబ్జీ గారి యధ్యక్షతను జరిగిన మూడవ సభ ఆయుధ చట్టమును సవరింపవలెనని తీర్మానించెను. అహింసా మార్గమును బోధించిన గాంధీమహాత్ముడు సైతము 1918లో ఖేడా జిల్లాలో సైన్యమునకు జనమును చేర్చుకొనుచు ప్రకటించిన కరపత్రమున, జాతినంతటిని నిరాయుధము చేసిన చట్టమును ఆంగ్లపాలన దుష్కృత్యములలో మిక్కిలి నల్లనిదిగా నెంచెను. 1930 జనవరిలో ఆయన ప్రకటించిన పదునొకండు కోరికలలో చివరిది, ప్రజాధికారమునకు లోబడి ఆత్మరక్షణార్థము తుపాకులకు లైసెన్సు లియ్యవలెననుటయే. వల్లభభాయి పటేలుగారి యధ్యక్షతను 1931లో జరిగిన కరాచీ సభ ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమునందును, అందుకై యేర్పడు నియమములకు లోబడి ఆయుధములుంచుకొనుటకు, ధరించుటకు ప్రతి పౌరునికిని హక్కు గలదను సంగతి చేరెను.

ఆంధ్రదేశమున ఈ నిరాయుధత్వము ఫలితమును మన్యము చూపినది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద వరుసగా పడి తుపాకులను, మందుగుండు సామగ్రిని గైకొనెను. గైకొన్న వస్తువుల పట్టిక వ్రాసి సంతకముచేసి పోయెనని చరిత్రము చెప్పుచున్నది. విల్లంబులు తప్ప వేరాయుధములేని గిరిజనులకు తుపాకి దొరకు చోటు ఠాణా యొక్కటే. తెలంగాణమున 1946 మొదలుకొని జరిగిన రైతు పోరాటమునను తొలిదశలో గ్రామీణులు వడిసెలలతోను, కఱ్ఱలతోను, కారపుపొడితోను దొరల గూండాలను, రజాకారులను ఎదిరించిరి. తుపాకులు వారి చేతికి వచ్చినది తరువాతనే. ఇక్కడ నొక సంగతి గమనింపదగినది. అన్యాయము మితిమీరినప్పుడు ఏ చట్టమును ఆయుధమును ఆపజాలదు. కాని యట్లు వచ్చిన ఆయుధము పోరాటము ముగిసిన వెంటనే మాయము కాదు. అది పల్లెలలో నేండ్ల తరబడి మిగిలి, న్యాయాన్యాయములు రెంటికిని పనిచేయును.

స్వరాజ్యము వచ్చెను. రాజ్యాంగ పరిషత్తులో 1948 డిసెంబరున హెచ్. వి. కామత్ గారు కరాచీ తీర్మానమును జ్ఞాపకము చేసి, ఆయుధధారణమును ప్రాథమిక హక్కుగా చేర్పవలెనని సవరణ ప్రతిపాదించిరి. డాక్టరు అంబేద్కరుగారు దానిని అంగీకరింపలేదు. ఎవడు పడిన వాడు అంగడికి పోయి ఎట్టి అడ్డును లేక మారణసాధనములు కొనగలిగినచో ప్రభుత్వపాలన యెట్లు సాగునని వారి యాక్షేపణ సారాంశము. సవరణ వీగిపోయెను. రాజ్యాంగము 19వ అధికరణము శాంతియుతముగా, ఆయుధములు లేకుండ సమావేశమగు హక్కునే యిచ్చినది. సిక్కులకు కృపాణధారణము మాత్రము మతస్వాతంత్ర్యమున భాగముగా 25వ అధికరణపు వివరణయందు చేరెను. 2023లో అత్యున్నత న్యాయస్థానము సైతము అమెరికాయందువలె మనదేశమున ఆయుధధారణము ప్రాథమిక హక్కు కాదని గుర్తుచేసినది.

కరాచీ వాగ్దానమును మనవారే మరచిరా యని యడుగువారు గలరు. ప్రశ్న సహజమే. 1931లో హక్కు కోరినది పరప్రభుత్వమునకు ఎదురుగా. 1948లో రాజ్యాంగము వ్రాయువారి కన్నులముందున్నది విభజనకాలపు రక్తపాతము. ఆ సంవత్సరపు జనవరిలోనే పిస్తోలు తూటాలకు మహాత్ముడు బలియయ్యెను. అట్టి కాలమున తుపాకిని మూలహక్కుగా ప్రకటింపకపోవుట భీరుత్వము కాదు. అనుభవము నేర్పిన పాఠము.

అయినను హక్కు కాదన్నంత మాత్రమున కేవలము అనుగ్రహమని చెప్పుట తగదు. 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చి 1878 నాటి చట్టమును తొలగించెను. దానిని చదివినవారు తక్కువ, దానిని గూర్చి మాటలాడువారు ఎక్కువ. ఆత్మరక్షణకుగాని ఆటకుగాని గొట్టము 20 అంగుళములకు తక్కువ కాని, లోపల మరలు లేని తుపాకిని కోరువానికిని, పైరు కాపాడుకొనుటకై మూతినుండి మందు దట్టించు తుపాకిని కోరు రైతునకును, అడ్డు కారణము లేనప్పుడు లైసెన్సు ఇయ్యవలెనని ఆ చట్టము 13వ విభాగము చెప్పుచున్నది. రివాల్వరు మున్నగు వానికి మాత్రము తగిన కారణము చూపవలెను. నిరాకరించునెడల అధికారి కారణములను వ్రాసియుంచవలెను. ప్రజాప్రయోజనమునకు భంగము లేనిచో అర్జీదారునకు వానిని క్లుప్తముగా తెలుపవలెను. ఆ యుత్తరువుపై పైయధికారికి అప్పీలు కలదు. వీనికంటె ముఖ్యమైన వాక్యమొకటి 14వ విభాగమున నున్నది: చాలినంత ఆస్తి లేదను కారణము మాత్రముచేత లైసెన్సు నిరాకరింపరాదు.

ఈ వాక్యమును మన భూస్వాములు ప్రత్యేకముగా గమనింపవలెను. పూర్వము తుపాకి యనగా హోదా. ఎంత శిస్తు కట్టుచున్నావని అడిగి లైసెన్సు వ్రాసిన దినములుండెను. స్వతంత్ర భారతపు చట్టము ఆ మెట్టును తీసివేసినది. పదియెకరముల రైతునకును, అడవియంచున అరయెకరము దున్నుకొను గిరిజనునకును చట్టము దృష్టిలో ప్రాణ మొక్కటే, పైరును ఒక్కటే. ఆచరణమున ఇది యెంతవరకు జరుగుచున్నదో కచేరీ మెట్లెక్కిన ప్రతివాడును ఎఱుగును. పేరు తెలిసినవాని అర్జీ కదలును. పేరులేనివాని అర్జీ ఠాణా విచారణలోనే ఏండ్లు నిద్రించును. 2016వ సంవత్సరపు నియమములు విచారణకును, నిర్ణయమునకును గడువులు పెట్టినవి. గడువు కాగితముమీద నుండుట చాలదు, అధికారి మనస్సున నుండవలెను.

తుపాకి ప్రియుల ఫిర్యాదులు మరికొన్ని కలవు. 1980వ దశకపు మధ్యకాలమునుండి సామాన్యులకు విదేశపు తుపాకుల దిగుమతి నిలిచిపోయినందున పాత ఇంగ్లీషు తుపాకులకు బంగారపు వెల వచ్చినదందురు. సైన్యము వాడు కొలతల తూటాలు పౌరులకు నిషిద్ధములగుటచే .32 కొలత రివాల్వరుతో తృప్తిపడవలసి వచ్చుచున్నదందురు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల, తప్పు చేయనివాడును తన తుపాకిని ఠాణాలో జమచేయవలసి వచ్చుచున్నదని చింతింతురు. 1983 సవరణతో మూడింటికిని, 2019 సవరణతో రెండింటికిని తుపాకుల సంఖ్య కుదింపబడగా తాతముత్తాతల వస్తువులను వదలుకొనవలసి వచ్చెనని బాధపడుదురు.

వీనిని ఒక్కొక్కటిగా తూచి చూడవలెను. దిగుమతి లేకపోవుటవలన వెల పెరిగినదనుట నిజమే, కాని దానివలన నెవ్వరి ప్రాణమును పోలేదు. ఎన్నికలనాడు తుపాకి భుజముమీద వేసికొని వీధిలో నడచువాడు నోరు మెదపకున్నను ఓటరును బెదరించినట్లే. పోలింగు స్థలము దరిని ఆయుధముతో తిరుగుట ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము నేరము. ఎవరి తుపాకి జమచేయింపవలెనో జిల్లాలోని సంఘము విడివిడిగా విచారించి నిర్ణయింపవలెనుగాని అందఱిని ఒకే త్రాట కట్టుట తగదనువారి వాదము న్యాయమైనది. ఇక పెద్దల తుపాకి విషయమున నియమములు నిర్దయముగా లేవు. లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, తుపాకి 25 సంవత్సరములు చేతనున్నను, దానిని వారసునకు బదలాయింప నర్జీ పెట్టుకొనవచ్చును. ఇది తెలియకయే యనేక కుటుంబములు యజమాని మరణించు వరకు ఊరకుండి, పిదప లైసెన్సులేని తుపాకి యింట నున్నదను నేరమునకు లోనగుచున్నవి. పెద్దవాడు పోయిన యింట తద్దినపు ఏర్పాట్లు మరువనివారు తుపాకిని ఠాణాలోనో, లైసెన్సుగల దుకాణమునందో అప్పగించుట మరువరాదు.

మేనల్లుని ప్రశ్నకు వత్తము. అమెరికా సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగమునకు 1791లో చేరిన రెండవ సవరణ ఆయుధధారణ హక్కును గుర్తించినది. అది వ్యక్తిహక్కేయని 2008లోను, ఇంటివెలుపల ధరించుటకును వర్తించునని 2022లోను అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము తీర్పులిచ్చెను. నేడు సగమునకు పైగా రాష్ట్రములలో అనుమతిపత్రము లేకయే తుపాకిని దాచి ధరింపవచ్చును. 2017 నాటికి అచ్చటి పౌరుల చేతులలో సుమారు 39 కోట్ల తుపాకు లున్నవని స్మాల్ ఆర్మ్స్ సర్వే అను సంస్థ అంచనా వేసెను, అనగా మనుష్యులకంటె తుపాకులే ఎక్కువ. ఆ దేశమున 2021లో తుపాకివలన మరణించినవారు 48,830 మంది. వారిలో సగమునకు పైగా తమ్ముదాము కాల్చుకొన్నవారు. ఈ రెండవ సంగతి మరింత ఆలోచింపదగినది. దొంగకొఱకు కొన్న తుపాకి, అప్పులతోనో, వ్యాధితోనో, అవమానముతోనో మనస్సు చెదరిన ఘడియయందు ఇంటివానికే మృత్యువగుచున్నది. పురుగుమందు డబ్బా ఇంట నుండుటచేతనే ఎందఱు రైతు బిడ్డలు పోయిరో ఎఱిగిన మనకు ఈ పాఠము వేఱుగా చెప్పనక్కరలేదు. ముత్తవ్వ మాట యిక్కడ నిలుచును.

అట్లని అమెరికాను నిందించి మనము నిశ్చింతగా కూర్చుండుటకు వీలులేదు. ఆ సంస్థయే మనదేశమున పౌరుల వద్ద సుమారు 7 కోట్ల 11 లక్షల తుపాకులుండునని అంచనా వేసి, వానిలో లెక్కకెక్కినవి 97 లక్షలు మాత్రమేయని చెప్పినది. ఆ అంచనా ప్రకారము లెక్కలో నున్న తుపాకి యొక్కటికి లెక్కలేనివి ఆరు. తుపాకితో జరుగు హత్యలలో అత్యధికభాగము లైసెన్సులేని ఆయుధములతోనే జరుగుచున్నవని ప్రభుత్వ నేరగణాంకములు ఏటేట చూపుచున్నవి. బీహారులోని ముంగేరు పట్టణము మీర్ కాసిం నవాబు కాలమునుండి ఆయుధపు పనివాండ్రకు ప్రసిద్ధి. నేడు అచ్చటి దొంగకొలిముల పిస్తోళ్లు దేశపు నలుమూలలకును చేరుచున్నవి. 2019 సవరణ ఇట్టి అక్రమ తయారీకి ఏడేండ్లకు తక్కువకాకుండ యావజ్జీవము వరకు శిక్ష విధించినది. రాయలసీమలో పగల పల్లెలను స్మశానములు గావించినవి లైసెన్సు తుపాకులకంటె నాటుబాంబులును, వేటకొడవళ్లును. కావున తుపాకికి అర్జీ పెట్టుకొన్న రైతును అనుమానించి, ఎన్నడును అర్జీ పెట్టనివానిని పట్టుకొనకుండుట ధర్మమును తలక్రిందులు చేయుట యగును.

లైసెన్సుదారులును నిర్దోషులని చెప్పజాలము. పెండ్లియూరేగింపులలో ఆకాశమునకు తుపాకి ప్రేల్చుట ఉత్తరదేశమున పెద్దరికపు చిహ్నమై, వరునో, వాద్యగాండ్రనో, మేడమీద నిలిచి చూచు బాలికనో పొట్టబెట్టుకొన్న వార్తలు మనము తఱచుగా చదువుచున్నాము. ఆకాశమునకు పోయిన తూటా ఆకాశముననే యుండిపోదు గదా. అట్టి కాల్పులవలన ఇతరుల ప్రాణమునకు అపాయము కలిగించినవారికి 2019 సవరణ రెండేండ్లవరకు ఖైదుగాని, లక్షరూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధించుచున్నది. పెండ్లి తాంబూలముల నడుమ తుపాకి చూపు పెద్దమనిషి తన పెద్దరికమును తానే కాల్చుకొనుచున్నాడు.

ఆత్మరక్షణ మాట యేమి? శరీరమును, ఆస్తిని, ఇతరుల ప్రాణమును కాపాడుకొనుటకు ప్రతివానికిని హక్కు గలదు. 1860 నాటి శిక్షాస్మృతిలో నున్న ఆ హక్కు 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 34 మొదలు 44 వరకు గల విభాగములలో నిలిచియున్నది. అవసరమునకు మించిన హాని చేయరాదనునదే దాని హద్దు. కాని హక్కు వేఱు, సాధనము వేఱు. ఢిల్లీలో 2012 డిసెంబరున జరిగిన ఘోరమునకు పిమ్మట స్త్రీలకొఱకని కాన్పూరు ప్రభుత్వ కర్మాగారము 2014లో తేలికయైన .32 రివాల్వరు నొకదానిని ‘నిర్భీక్’ అను పేర వెలువరించెను. వెల ఇంచుమించు లక్షా ఇరువదిరెండు వేలు. ఆ సొమ్ము పెట్టగల స్త్రీకి కారును, కాపలాదారుడును ఉందురు. రాత్రి పనిముగించి బస్సుకొఱకు నిలుచు స్త్రీకి కావలసినది వీధిదీపము, వేళకు వచ్చు బస్సు, ఫిర్యాదును వ్రాసికొను ఠాణా. వీనిని సమకూర్పలేని ప్రభుత్వము తుపాకి చూపి తప్పించుకొనరాదు.

రైతుల సంగతి వేఱు. అడవిపందుల గుంపు ఒక్కరాత్రిలో మొక్కజొన్న చేనును, వేరుసెనగ చేనును దున్నివేయునని అడవియంచున వ్యవసాయము చేసినవారెల్ల ఎఱుగుదురు. తుపాకి లైసెన్సు నున్నను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేక వానిని చంపరాదు. తెలంగాణ ప్రభుత్వము పందుల బెడద మిక్కుటమైనచోట్ల గుర్తింపుపొందిన వేటగాండ్రచే కాల్పించుటకు ఏర్పాటు చేసినది. కాని రాత్రి చేనులోపడిన పందికి వేటగాని రాకవరకు ఆగు నోపిక యుండదు. దిక్కుతోచని రైతు చేనుచుట్టు తీగ కట్టి దానికి కరెంటు తగిలించుచున్నాడు. తెల్లవారి నీరు పెట్టవచ్చిన పొరుగురైతో, కొన్నివేళల తీగ కట్టినవాడేయో దానిపై కూలిపోవుచున్నాడు. పంది నిమిత్తము మనిషి పోవుచున్నాడు. తుపాకి యపాయకరమని లైసెన్సు బిగించినంతలో ప్రమాదము తొలగలేదు, తుపాకికంటె గుడ్డిదైన రూపము దాల్చినది. తుపాకి మనిషిని చూచి ఆగగలదు, ఎందుకన దాని వెనుక కన్నులున్నవి. కరెంటు తీగకు కన్నులు లేవు. పైరు రక్షణకు గ్రామమున కొకరిద్దఱు శిక్షణపొందిన లైసెన్సుదారులను అటవీశాఖ, రెవిన్యూశాఖ కలసి ఏర్పరచి, వారి పిలుపు దూరములో నుండునట్లు చేయుట ప్రభుత్వము చేయదగిన పని. పంట నష్టమునకు పరిహారము వేళకిచ్చుట అంతకంటె ముందు చేయదగిన పని.

నమ్మకముంచిన చోట జనులు బాధ్యతతో నుందురనుటకు కొడగుదేశము ఒక నిదర్శనము. అచ్చటి కొడవజాతివారికిని, జమ్మాభూముల యజమానులకును 1861లో ఆయుధచట్టములనుండి మినహాయింపు దొరకెను. స్వతంత్ర ప్రభుత్వములును దానిని కొనసాగించినవి. 2021లో కర్ణాటక ఉన్నతన్యాయస్థానము దానిని సమర్థించినది. కైల్‌పోద్ అను పండుగనాడు వారు తుపాకులకు పూలుచుట్టి పూజింతురు. ఆ మినహాయింపు జన్మమునుబట్టి వచ్చుటచే సమానత్వమునకు సరిపడునా యను ప్రశ్న యున్నది, అది తీసివేయరానిది. కాని తుపాకి యున్న ప్రతియిల్లును కొట్లాటలపాలు కానక్కరలేదనియు, సంప్రదాయపు కట్టుబాటు చట్టమునకు తోడునిలువ గలదనియు అది తెలుపుచున్నది.

తుపాకిమీది మక్కువను సన్మార్గమునకు త్రిప్పు మరియొక దారి క్రీడ. 2008లో బీజింగున అభినవ్ బింద్రా బంగారు పతకమును, 2012లో లండనున హైదరాబాదు వాసి గగన్ నారంగ్ కాంస్యమును గెలిచినది పదిమీటర్ల ఎయిర్ రైఫిలుతో. ఆ తుపాకిని చేతబట్టినవాడు మొదట నేర్చునది కాల్చుట కాదు. గొట్టము ఎవరివైపును త్రిప్పకుండుట, గురి కుదురువరకు మీటమీద వ్రేలు పెట్టకుండుట, ఊపిరి నిలుపుట, ఆటముగియగానే ఖాళీచేసి చూపుట. 2016 నియమములు క్రొత్త లైసెన్సుదారులకు శిక్షణ పత్రమును ఆవశ్యకము చేసినవి. మంచి నియమమే, కాని జిల్లాకొక తుపాకి గురిశాల యైన లేనిచోట ఆ పత్రము సంతకముల వ్యవహారమగును. మోటారుబండి నడుపువానికి బాటమీద పరీక్ష పెట్టు ప్రభుత్వము తుపాకి పట్టువానికి గురిశాలయందు పరీక్ష పెట్టకుండుట వింత గదా.

ఇంత విచారించిన పిమ్మట మొదటి ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. ఆయుధధారణము మన దేశమున మూలహక్కు కాదు, కానక్కరయును లేదు. కాని అది దొరగారి అనుగ్రహమును కాదు. అది చట్టము నిర్ణయించిన అర్హత. అర్హుడు అడిగినప్పుడు ఔననియో కాదనియో, కారణముతో, గడువులోపల చెప్పుట ప్రభుత్వపు ధర్మము. అడుగువాని ఆస్తిని, కులమును, పలుకుబడిని చూడక అతని అవసరమును, స్వభావమును చూచుట అధికారి ధర్మము. తుపాకిని తాళములోను, తూటాలను వేఱొక తాళములోను ఉంచి, పిల్లలకు చిక్కకుండ, తాగినచేతికి అందకుండ, ఊరేగింపులలో చూపకుండ కాపాడుట యజమాని ధర్మము. ఈ మూడింటిలో ఏది తప్పినను తక్కిన రెండును నిష్ఫలములే.

పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు తమ ఆయుధములను జమ్మిచెట్టుమీద దాచిరి. సంవత్సరమంతయు ఎన్ని అవమానములు కలిగినను గడువు తీరకముందు వానిని దింపలేదు. దింపిన దినమున అర్జునుడు వానిని పట్టినది విరటుని గోవులను కాపాడుటకు. ప్రతి దసరాకును మనము జమ్మికి ప్రదక్షిణముచేసి ఆకు పంచుకొనుచున్నాము. ఆయుధమున్న యింటివారు ఆ దినమున పసుపు కుంకుమలతోపాటు లైసెన్సు గడువును, పెట్టె తాళమును కూడ ఒక్కమారు చూచుకొందురేని, పూజ సార్థకమగును.